యాసిడ్ పోసినా వదలని ఎరుపు

మంగళగిరిలో చీర కొనడానికి వెళ్లినవాళ్లు ధర కంటే ముందు ఇంకో మాట అడుగుతారు: "ఉతికితే రంగు పోతుందా?" నూలుకు రంగు అంటడం వేరు, ఆ రంగు నిలవడం వేరు అని అద్దకం పనివాళ్లకు బాగా తెలుసు. నిలిచే రంగును ఇంగ్లిషులో 'ఫాస్ట్ కలర్' అంటారు. క్షయను, కుష్ఠును తెచ్చే బాక్టీరియా కుటుంబానికి పేరు వచ్చింది ఈ అద్దకం మాట నుంచే. ఒకసారి రంగు పట్టిందంటే యాసిడ్ పోసి కడిగినా వదలనివి కాబట్టి వాటిని 'యాసిడ్ ఫాస్ట్ బాసిలై' అన్నారు. బాసిలై అంటే కడ్డీల్లాంటి బాక్టీరియా. ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే ఏఎఫ్‌బీ ఆ పేరుకు పొట్టి రూపం. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం అనుకుంటే పొరపాటే. పేగుల్లో ఉండే ఇ. కోలి బాక్టీరియా అనువైన చోట 20 నిమిషాలకోసారి రెండవుతుంది. క్షయ బాక్టీరియాకు అదే పనికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. మందకొడితనంలో దానికి పోటీ వచ్చేవి తక్కువ.

గుంటూరు జీజీహెచ్‌లోనైనా, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనైనా కళ్లె (తెమడ) పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు వెతికేది ఒకే మాట: పాజిటివా, నెగెటివా. 'నెగెటివ్' అని ఉంటే టీబీ లేదని ఊపిరి పీల్చుకుంటారు. 'పాజిటివ్' అని ఉంటే టెన్షన్ మొదలవుతుంది. పక్కన 'స్కాంటీ 4' అనో '2+' అనో రాసి ఉంటే ఆ అంకెలు దేనివో ఎవరూ చెప్పరు. నిజానికి ఆ పరీక్ష రోగం పేరు చెప్పదు, బాక్టీరియా పేరు కూడా చెప్పదు. ఒక బాక్టీరియా గోడ ఎలాంటిదో మాత్రం చెబుతుంది. ఆ ఒక్క సంగతి నుంచి మిగతాదంతా డాక్టరు ఊహించి, సరిచూసుకుని, తేల్చుకోవాలి. రిపోర్టును ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

బాక్టీరియాకు మామూలుగా వేసే రంగు గ్రామ్ స్టెయిన్. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ వివరించిన ఆ పద్ధతి బాక్టీరియాను ఊదా, గులాబీ అని రెండు వర్గాలుగా విడదీస్తుంది. క్షయ బాక్టీరియా ఆ లెక్కలో సరిగ్గా ఇమడదు. గ్రామ్ రంగు దానికి సరిగా పట్టదు, ఒక్కోసారి చుట్టూ రంగు ఉండి బాక్టీరియా ఉన్నచోట ఖాళీ గీత మిగులుతుంది. కారణం దాని గోడలో ఉంది. ఈ మైకోబాక్టీరియా జాతి గోడలో మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఒక్కో అణువులో 60 నుంచి 90 వరకు కార్బన్ పరమాణువులు వరుసగా ఉంటాయి. మనం వంటకు వాడే నూనెల కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ భాగం 16, 18 కార్బన్లవే. ఆ తేడాను బట్టి ఈ గోడ ఎంత జిడ్డుగా, మైనంలా ఉంటుందో ఊహించుకోవచ్చు. తామరాకు మీద నీటిబొట్టు జారినట్టు నీళ్లలో కలిపిన రంగు దాని మీద నిలవదు. ఎండినా బతికి ఉండటం, చాలా యాంటీబయాటిక్ మందులకు లొంగకపోవడం, చివరికి మన తెల్ల రక్తకణాలు మింగినా వాటి లోపలే కాపురం పెట్టడం, వీటన్నిటిలోనూ ఈ గోడకు వాటా ఉంది.

అంటే రంగు పట్టించడమే కష్టమైన బాక్టీరియా ఇది. కానీ ఎలాగోలా లోపలికి రంగు పోగలిగితే, బయటికి రావడం కూడా అంతే కష్టం. పరీక్ష కిటుకంతా ఇదే.

ఈ కిటుకు ఒక్కరోజులో దొరకలేదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ క్షయకు కారణమైన బాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించాడు. ఏటా ఆ తేదీనే ప్రపంచ క్షయ దినం జరుపుతున్నది అందుకే. క్షయ రోగుల శరీరంలో ఆ బాక్టీరియా అంతకుముందు కూడా ఉంది, కాకపోతే చూపించగలిగే రంగు లేదు. కోక్ మెథిలీన్ బ్లూకు క్షారం కలిపి, స్లైడ్లను 24 గంటలు నానబెట్టి, పైన గోధుమరంగు అద్ది చూశాడు. క్షయ బాక్టీరియా నీలంగా, మిగతాదంతా గోధుమగా కనిపించింది. ఆయనకు మొదట బాగా పనిచేసిన రంగు పాతబడినదట. కొత్తగా కలిపిన రంగుతో ఫలితం రాకపోతే ఆలోచిస్తే, పాత సీసా గదిలోని అమ్మోనియాను పీల్చుకుని క్షారంగా మారిందని తేలింది. నిల్వ ఉంచిన ఊరగాయకే రుచి ఎక్కువన్నట్టు ఉంది ఈ కథ.

ఆ రాత్రి కోక్ ఉపన్యాసం విన్నవాళ్లలో పాల్ ఎర్లిష్ ఒకడు. రంగుల రసాయనాల మీద పిచ్చి ఉన్న మనిషి. వెంటనే పనిలో దిగి కొన్ని నెలల్లోనే అసలైన మలుపు తెచ్చాడు. రంగు వేశాక గాఢమైన ఆమ్లంతో కడిగితే క్షయ బాక్టీరియా తప్ప అన్నీ రంగు వదిలేస్తాయని చూపించాడు. వేడి సంగతి కూడా ఆయన దగ్గరే బయటపడిందని చెబుతారు. ఆరబెట్టడానికి స్లైడ్లను చల్లారిన పొయ్యి మీద పెట్టి వెళితే, పనిమనిషి తెలియక పొయ్యి వెలిగించిందట. పాడయ్యాయనుకున్న స్లైడ్లలో రంగు ఎన్నడూ లేనంత బాగా పట్టిందట. తర్వాత కొన్నేళ్లకు ఎర్లిష్ తన సొంత కళ్లెలోనే ఈ బాక్టీరియాను చూసుకుని, గాలి మార్పు కోసం ఈజిప్టు వెళ్లాల్సి వచ్చింది. ఈలోపే ఫ్రాంజ్ జీల్, ఎర్లిష్ రంగులో కలిపిన అనిలిన్ బదులు కార్బోలిక్ ఆమ్లాన్ని, అంటే ఫినాల్‌ను వాడాడు. ఫ్రీడ్రిష్ నీల్సన్ దానికి ఫ్యూక్సిన్ ఎరుపును జతచేశాడు. వాళ్లిద్దరి పేర్లూ కలిపి ఈరోజుకీ మన ల్యాబుల్లో 'జెడ్ఎన్ స్టెయిన్' అంటున్నారు. రోగ నిర్ధారణలో 140 ఏళ్లు దాటినా పెద్దగా మారకుండా నడుస్తున్న పద్ధతులు చాలా కొద్ది.

ఆ పని ల్యాబ్‌లో ఎలా జరుగుతుందో చూస్తే రిపోర్టు మీద గౌరవం పెరుగుతుంది, అనుమానమూ పెరుగుతుంది. మొదట కళ్లె. గుంటూరు, కృష్ణా వైపు కళ్లె అనీ గళ్ల అనీ, ఇంకొన్ని చోట్ల తెమడ అనీ అంటారు. ఉమ్మి మాత్రం వేరు. గొంతులోంచి వచ్చే నీళ్లలాంటి ఉమ్మి ఎంత పరీక్షించినా ఉపయోగం లేదు. ఊపిరితిత్తుల లోతు నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లె 2 నుంచి 5 మిల్లీలీటర్లు కావాలి. అందుకే పొద్దున్నే లేవగానే నోరు పుక్కిలించి ఇవ్వమంటారు. రాత్రంతా పేరుకున్నది అందులో ఉంటుంది, తిన్న అన్నం మెతుకులు ఉండవు. డబ్బా మూత తీసి అందులోని చీముగా ఉన్న భాగాన్ని ఏరి, కొత్త గాజు స్లైడు మీద 2 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవున పరుస్తారు. పరచడానికి చాలాచోట్ల వాడేది విరిచిన చీపురు పుల్ల. ఖరీదైన తీగ కంటే పుల్ల కొసే కళ్లెను బాగా విడదీస్తుంది, పైగా వాడి పారేయవచ్చు. పొర మందం సరిపోయిందో లేదో చూడటానికి స్లైడు కింద న్యూస్‌పేపర్ పెడతారు. అక్షరాలు లీలగా కనిపించాలి. అసలు కనిపించకపోతే పొర మందమైనట్టు, స్పష్టంగా చదవగలిగితే పలచనైనట్టు.

పొర ఆరాక దీపం మంట మీద నాలుగైదుసార్లు ఆడించి గాజుకు అంటుకునేలా చేస్తారు. ఆ పైన కార్బోల్ ఫ్యూక్సిన్ అనే ముదురు ఎరుపు రంగు నిండా పోసి, కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడి చేస్తారు. ఉడకకూడదు, ఆవిరి మాత్రమే రావాలి. తర్వాత 5 నిమిషాలు అలాగే వదిలేస్తారు. ఫినాల్ ఆ ఎరుపును జిడ్డులో కరిగేలా చేస్తే, వేడి మైనపు గోడను మెత్తబరుస్తుంది. రంగు లోపలికి దిగుతుంది, చల్లారాక గోడ మళ్లీ బిగుసుకుంటుంది. మే నెలలో గుంటూరు ఎండకు ఈ దశ ఓ పరీక్షే. రంగు స్లైడు మీదే ఎండిపోతే ఎర్రటి స్ఫటికాలు మిగులుతాయి, చూసే కంటిని మోసం చేస్తాయి. కాబట్టి ఎండుతుంటే మళ్లీ రంగు పోస్తుండాలి.

నీళ్లతో కడిగాక అసలు పరీక్ష వస్తుంది: 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, 2 నుంచి 4 నిమిషాలు. మామూలు బాక్టీరియా, చీము కణాలు, నోటిలోని పొర కణాలు, అన్నీ పట్టిన ఎరుపును వదిలేసి వెలవెలబోతాయి. మైకోబాక్టీరియా వదలదు. చివర్లో 30 సెకన్లు మెథిలీన్ బ్లూ పోస్తే ఖాళీ అయినవన్నీ నీలం రంగు తీసుకుంటాయి. నీలం మైదానంలో సన్నగా, కాస్త వంగి, ఒక్కోసారి పూసలు గుచ్చినట్టు ఎర్రటి కడ్డీలు. పొడవు ఒక మైక్రాన్ నుంచి నాలుగు మైక్రాన్లు. వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపించే ఆయిల్ ఇమ్మర్షన్ కటకం కిందే అవి కనిపిస్తాయి.

రిపోర్టులోని అంకెలు ఇక్కడి నుంచే వస్తాయి. సూక్ష్మదర్శినిలో ఒకసారికి కనిపించే గుండ్రటి మేరను ఫీల్డు అంటారు. కనీసం 100 ఫీల్డులు చూసి ఒక్కటీ లేకపోతేనే నెగెటివ్ అని రాయాలి. 100 ఫీల్డుల్లో మొత్తం 1 నుంచి 9 వరకు కనిపిస్తే స్కాంటీ, పక్కన ఆ సంఖ్య. అంటే 'స్కాంటీ 4' అన్నది వంద చోట్ల వెతికితే నాలుగే దొరికాయని చెప్పడం. 10 నుంచి 99 వరకు ఉంటే 1+. ఒక్కో ఫీల్డులోనే 1 నుంచి 10 వరకు ఉంటే 2+, పదికి మించితే 3+. ప్లస్సులు పెరిగేకొద్దీ ఆ మనిషి దగ్గులో బయటికి వెళ్లే బాక్టీరియా ఎక్కువని అర్థం. ఇంట్లో పిల్లలకు, ముసలివాళ్లకు అంటే అవకాశమూ ఎక్కువే.

నెగెటివ్ అంటే లేనట్టేనా? ఓ చిన్న లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక మిల్లీలీటరు కళ్లెలో 10,000 బాక్టీరియా ఉన్నాయనుకుందాం. స్లైడు మీద పరచేది సుమారు 0.01 మిల్లీలీటరు. అంటే అందులో ఉండేవి 100. ఆ పొర మొత్తం మీద సుమారు 10,000 ఫీల్డులు ఉంటాయి. వంద బాక్టీరియా పదివేల ఫీల్డుల్లో చెల్లాచెదురైతే, వంద ఫీల్డులు వెతికినవాళ్లకు సగటున ఒక్కటి దొరుకుతుంది. అంటే మిల్లీలీటరుకు 5,000 నుంచి 10,000 దాకా ఉంటేనే ఈ పరీక్షకు చిక్కే అవకాశం. అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు రోగంతోనే ఇంటికి వెళతారు, చేతిలో నెగెటివ్ రిపోర్టుతో. హెచ్ఐవీ ఉన్నవాళ్ల కళ్లెలో బాక్టీరియా తరచుగా తక్కువే ఉంటుంది. చిన్నపిల్లలు కళ్లె ఉమ్మరు, మింగేస్తారు. మెడ గడ్డల్లో, వెన్నెముకలో, మెదడు పొరల్లో వచ్చే టీబీకి కళ్లెతో సంబంధమే ఉండదు.

చూసేవాళ్ల ఓపిక కూడా ఈ లెక్కలో కలుస్తుంది. వంద ఫీల్డులు శ్రద్ధగా చూడాలంటే కనీసం ఐదు నిమిషాలు. రోజుకు పాతిక స్లైడ్లు దాటితే కన్ను అలసిపోతుంది. బల్ల మీద స్లైడ్లు గుట్టగా పేరుకున్న రోజున వంద ఫీల్డులు ముప్పై అయితే, ఆ సంగతి రిపోర్టులో రాసి ఉండదు.

తప్పుడు పాజిటివ్ దారులు ఇంకా చిత్రంగా ఉంటాయి. పాజిటివ్ స్లైడు చూశాక కటకం మీద నూనె తుడవకపోతే అందులోని బాక్టీరియా తర్వాతి స్లైడు మీదికి చేరుతుంది. నాలుగైదు స్లైడ్లను ఒకే జాడీలో ముంచి రంగు వేస్తే ఒకదాని నుంచి ఊడినది ఇంకోదానికి అంటుకుంటుంది. అందుకే ప్రతి స్లైడునూ విడిగా ర్యాక్ మీద పెట్టి రంగు పోయాలి. ఇంకొకటి, కుళాయి నీళ్లు. మట్టిలో, నీళ్లలో స్వేచ్ఛగా బతికే మైకోబాక్టీరియా జాతులు చాలా ఉన్నాయి. రోగం తెచ్చే స్వభావం పెద్దగా లేకపోయినా గోడ మాత్రం అదే మైనం. రంగులు కలపడానికి, కడగడానికి వాడే నీళ్లలో అవి ఉంటే స్లైడు మీద ఎర్రగానే కనిపిస్తాయి.

పరీక్ష గోడను చూపిస్తుంది గానీ పేరు చెప్పదు అన్నది ఇక్కడ బలంగా గుర్తొస్తుంది. కళ్లెలో ఎర్ర కడ్డీలు కనిపించి, రోగికి రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో అది దాదాపుగా టీబీయే. టీబీ ఇంత ఎక్కువగా ఉన్నచోట ఆ ఊహ తప్పే సందర్భాలు తక్కువ. అదే ఎర్ర కడ్డీలు లాప్రోస్కోపీ ఆపరేషన్ తర్వాత నెల గడిచినా మానని కుట్టు దగ్గర చీములో కనిపిస్తే కథ మారుతుంది. సరిగా శుభ్రం కాని పరికరాలు, నీళ్ల ద్వారా వచ్చే చెలోనె, ఫార్చ్యూయిటం లాంటి మైకోబాక్టీరియా కావచ్చు. వాటికి మామూలు టీబీ మందులు పనిచేయవు. రిపోర్టులో 'ఏఎఫ్‌బీ పాజిటివ్' అని చూసి ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెడితే నెలలు గడుస్తాయి, పుండు మానదు.

యాసిడ్ గాఢత మారిస్తే ఇంకొన్ని జీవులు బయటపడతాయి. కుష్ఠు బాక్టీరియాకు క్షయ బాక్టీరియా అంత పట్టు లేదు. 25 శాతం యాసిడ్ పోస్తే అదీ రంగు వదిలేయవచ్చు, కనుక 5 శాతంతో సరిపెడతారు. చెవి తమ్మె దగ్గర, మచ్చల దగ్గర చర్మాన్ని చిన్నగా కోసి గీకిన రసంలో చుట్టల కట్టలా గుంపుగా పేర్చిన ఎర్ర కడ్డీలు కనిపిస్తాయి. 1873లో నార్వేలో హాన్సెన్ గుర్తించిన ఈ బాక్టీరియాను ఇప్పటికీ ల్యాబ్‌లో గాజు పళ్లెంలో పెంచలేకపోతున్నారు. కల్చర్ అనే దారే లేదు కాబట్టి దీని విషయంలో రంగుకు ఇంకా విలువెక్కువ. నొకార్డియా అనే ఇంకో బాక్టీరియాకు ఒక్క శాతం యాసిడే గరిష్ఠం. అది కడ్డీలా ఉండదు, కొమ్మలు వేసిన దారంలా ఉంటుంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ల పాదం వాచి, రంధ్రాలు పడి, గింజల్లాంటివి రాలే మదురా పాదం జబ్బుకు నొకార్డియా కారణం కావచ్చు, బూజు జాతి శిలీంధ్రమూ కావచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, మందులు పూర్తిగా వేరు. ఆ గింజను నలిపి రంగు వేసి చూడటం పాదాన్ని కాపాడగలదు. ఇక రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఆగని విరేచనాలకు కారణమయ్యే క్రిప్టోస్పోరిడియం అసలు బాక్టీరియానే కాదు, పరాన్నజీవి. మలంలో ఎర్రటి గుండ్రటి బంతుల్లా కనిపించి ఇదే రంగుకు దొరికిపోతుంది.

టీబీ వైపే మళ్లీ వస్తే, పాత ఎరుపు రంగుకు ఇప్పుడు పోటీ గట్టిగా ఉంది. ఆరమిన్ అనే రంగు వేసి ఎల్ఈడీ కాంతి సూక్ష్మదర్శినిలో చూస్తే చీకట్లో మిణుగురుల్లా బాక్టీరియా మెరుస్తుంది. సూత్రం అదే, గోడ పట్టుకున్న రంగును యాసిడ్ ఊడదీయలేకపోవడం. కాకపోతే తక్కువ రెట్లు పెద్దది చేసి చూసినా కనిపిస్తాయి కాబట్టి ఒక్కో ఫీల్డు విశాలం, స్లైడు త్వరగా పూర్తవుతుంది, దొరకడమూ కొంచెం ఎక్కువ. అసలైన మార్పు సీబీనాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రాలతో వచ్చింది. ఇవి గోడను కాదు, లోపలి జన్యుపదార్థాన్ని వెతుకుతాయి. కాబట్టి క్షయ బాక్టీరియా అవునో కాదో పేరుతో సహా చెబుతాయి. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా రెండుమూడు గంటల్లో తేలిపోతుంది. రంగు స్లైడు ఎంత ఎర్రగా ఉన్నా ఈ సమాధానం ఇవ్వలేదు. అనుమానం వచ్చిన మొదటి రోజే ఈ పరీక్ష చేయాలన్నది ఇప్పటి జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం దారి, అది సరైనదే.

అలాగని స్లైడును అటకెక్కించే రోజు రాలేదు. ఆ యంత్రాలకు కార్ట్రిడ్జో చిప్పో కావాలి, అవి అయిపోతే పని ఆగుతుంది. స్లైడు పద్ధతికి ఒక సూక్ష్మదర్శిని, మూడు సీసాలు, ఓపిక ఉన్న టెక్నీషియన్ చాలు. పైగా మందులు వాడుతున్న మనిషి మెరుగవుతున్నాడా అని చూడటానికి ప్లస్సుల లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. రెండు నెలల మందుల తర్వాత 3+ కాస్తా స్కాంటీ అయిందంటే దారి బాగున్నట్టు. ఇక్కడా ఓ మెలిక ఉంది. చచ్చిన బాక్టీరియా గోడ కూడా కొన్నాళ్లు చెక్కు చెదరకుండా ఉంటుంది, దానికీ ఎరుపు పడుతుంది. రంగుకు చావు బతుకుల తేడా తెలియదు, చచ్చినవాటి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్‌కూ తెలియదు. బతికున్నది ఏదో తేల్చాలంటే కల్చరే దిక్కు. మందకొడి జీవి కదా, దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ఆగాలి.

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న స్థలంలో ఒకప్పుడు టీబీ శానటోరియం ఉండేది. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు రాకముందు శానటోరియం వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. ఇప్పుడు మందులున్నాయి, పరీక్షలున్నాయి, ఆలస్యం మాత్రం చాలాసార్లు ఇంటి దగ్గరే జరుగుతోంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాళ్లకు, కోల్డ్ స్టోరేజీల దగ్గర కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లకు దగ్గు ఓ వింత కాదు. ఘాటుకు వచ్చిందిలే అనుకుని నెలలు నెట్టుకొస్తారు. ఘాటు దగ్గు పని ఆపి ఇంటికి వస్తే సర్దుకుంటుంది. సెలవు రోజుల్లోనూ వదలకుండా రెండు వారాలు దాటిన దగ్గుకు మిరపకాయ మీద నెపం వేయడం కుదరదు. పొద్దున్నే పుక్కిలించి తీసిన కళ్లె డబ్బాతో దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళితే పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. స్లైడు నెగెటివ్ అని రాసి ఇచ్చినా దగ్గు తగ్గకపోతే, "సీబీనాట్‌కి పంపారా అండీ?" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.